ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నాక పీరియడ్ 5 రోజులు లేటు: సమాధానం

గర్భం రాకుండా ఎమర్జెన్సీ మాత్ర వేసుకున్నానని, ఆరో రోజు బ్లీడింగ్ కనబడిందని, ఇప్పుడు పీరియడ్ 5 రోజులు లేటని, ఇవాళ చేసిన ప్రెగ్నెన్సీ టెస్టు నెగటివ్ వచ్చిందని రాశారు. లేటుకు కారణం చాలావరకు ఆ మాత్రే. అందులోని మందు లెవోనార్జెస్ట్రెల్ (1.5 మి.గ్రా.) అండం విడుదలను వెనక్కి నెడుతుంది. అండం ఆలస్యమైతే పీరియడ్ కూడా వారం దాకా జరగొచ్చు. మాత్ర వేసుకున్న ఆరో రోజు కనబడిన బ్లీడింగ్ పీరియడ్ కాదు, దాన్నుంచి తేదీలు లెక్కపెట్టకండి.

మీరు రాసినదాంట్లో అసలు చిక్కు వేరే ఉంది: మాత్ర తర్వాత నాలుగో రోజు మళ్లీ కండోమ్ లేకుండా కలిశారు. చాలామంది పొరబడేది ఇక్కడే. మాత్ర జరిగిపోయిన కలయికకే, రాబోయేదానికి కాదు. పైగా అండం వెనక్కి జరిగి ఉంటుంది, వీర్యకణాలు 5 రోజుల దాకా బతుకుతాయి. అందుకే ఆ రెండోసారిదే భయం.

1. ఇవాళ్టి నెగటివ్‌ను నమ్మకండి. ఆ కలయికకు ఇవాళ 18వ రోజే. 21 రోజులు నిండాక, పొద్దున మొదటి మూత్రంతో మళ్లీ చేయండి.
2. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి.
3. పొత్తికడుపులో ఒకవైపు గట్టి నొప్పి, కళ్లు తిరగడం ఉంటే టెస్టు కోసం ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

మాత్ర కోసం వేలచేరిలో నాలుగు మందుల షాపులు తిరిగానన్నారు. చెన్నైలో అది మామూలే. నిషేధమేమీ లేదు, చాలామంది స్టాకే పెట్టరు. మాత్ర కలయిక తర్వాత 72 గంటల్లోపే, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. దొరక్కపోతే 5 రోజుల్లోపు కాపర్-టీ (గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం) వేయించుకోవచ్చు. మాత్రకన్నా నమ్మకమైనది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.