సంతకం పోయి పాస్‌వర్డ్ వచ్చాక మా ప్లాంటులో ఏం జరిగిందంటే

మీరు అడిగింది: మాత్రలు తయారుచేసే మీ ప్లాంటులో బీఎంఆర్ (ప్రతి బ్యాచ్ తయారీలో ఏం చేశారో రాసే రికార్డు) కాగితాలు తీసేసి వచ్చే నెల నుంచి అంతా సిస్టమ్‌లోకి మారుస్తున్నారు, సంతకం బదులు ఐడీ, పాస్‌వర్డ్ కొడితే ఆడిట్‌లో ఒప్పుకుంటారా, ఏం జాగ్రత్తపడాలి అని.

ఒప్పుకుంటారు. అమెరికాకు మందులు పంపేవాళ్లకూ వర్తించేలా అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే నిబంధన తెచ్చింది. 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అని మీ క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లు రోజుకు పదిసార్లు అంటుంటారే, అదే. టెండర్లకు వాడే డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ లాంటిది ప్లాంటు లోపలి సిస్టమ్‌కు ఆ నిబంధన ప్రకారం అక్కర్లేదు. ఒక తమాషా చెప్పాలి. మా ఎలక్ట్రానిక్ సంతకాలు చేతి సంతకాలతో సమానం అని కంపెనీ ముందుగా ఎఫ్‌డీఏకు ఉత్తరం పంపాలి. ఆ ఉత్తరం మీద మాత్రం పెన్నుతోనే సంతకం పెట్టాలి!

కాబట్టి చెల్లుతుందా లేదా అన్న టెన్షన్ వదిలేయండి. నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాంటులో క్యూఏలో ఉన్నప్పుడు ఇదే మార్పు జరిగింది. సాఫ్ట్‌వేర్, వాలిడేషన్ (అది సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేసే పరీక్షలు), ట్రైనింగ్ అన్నీ సవ్యంగానే అయ్యాయి. దెబ్బ ఇంకోచోట తగిలింది.

సిస్టమ్ మొదలై రెండు నెలలైంది. వేరే పనిమీద ఆడిట్ ట్రయిల్ (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టమ్ దాచే చిట్టా) చూస్తుంటే నైట్ షిఫ్ట్‌లో గ్రాన్యులేషన్ (పొడిని గుళికలుగా చేసే దశ) దగ్గర ఒక 'చెక్డ్ బై' (పని సరిగ్గా జరిగిందని చూసిన రెండో మనిషి పెట్టే సంతకం) కనిపించింది, టైం 2:38. అదే మనిషి 2:31కి క్యాంటీన్‌లో పంచ్ కొట్టి ఉన్నాడు. ఆ చెకర్‌నీ, అక్కడ పనిచేసిన ఆపరేటర్‌నీ పిలిపించాం. ఆపరేటర్ ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. దాచలేదు. "సార్, ఆయన సంతకం నన్ను పెట్టమంటే చచ్చినా పెట్టను, అది ఫోర్జరీ. పాస్‌వర్డే కదా కొట్టింది" అన్నాడు.

తప్పించుకోవడానికి అన్న మాట కాదది, నిజంగానే అలా అనుకున్నాడు. పక్కవాడికి పెన్ను ఇచ్చినట్టే పాస్‌వర్డ్ ఇచ్చుకుంటున్నారు. ఎందుకో తవ్వితే తప్పు మాదే అని తేలింది. నెలకోసారి పాస్‌వర్డ్ మార్చమంటుంది. గ్లౌజులతో కొడితే ఒకటికి రెండు అక్షరాలు పడతాయి. మూడుసార్లు తప్పితే లాక్. ఐటీ వాళ్లు పొద్దున తొమ్మిదికి గానీ రారు. మెషీన్‌లో మెటీరియల్ పెట్టుకుని తెల్లారేదాకా ఎవరు కూర్చుంటారు? చెకర్ తన పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి ఐడీ కార్డు వెనక పెట్టుకున్నాడు, అది అందరికీ తెలుసు.

బ్యాచ్ బయటికి పోకుండా హోల్డ్‌లో పెట్టాం, పద్ధతి తప్పిందని డీవియేషన్ తీశాం. రెండు నెలల సంతకాలన్నీ పంచ్ రికార్డుతో పోల్చి చూడటానికి మూడు వారాలు పట్టింది. నిజం చెప్పాలంటే కాగితం రోజుల్లోనూ ఇదే నడిచి ఉంటుంది. చెకర్ టీ తాగొచ్చి సంతకం పెట్టి, పక్కన 2:38 అని రాసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత నైట్ షిఫ్ట్‌లో లాక్ తీయడానికి ఐటీ మనిషిని పెట్టించాం. వేలిముద్ర మెషీన్ కూడా ప్రయత్నించాం కానీ గ్లౌజులు తీయకుండా అది పనిచేయదు, మానేశాం. మొదటిసారి ఐడీ, పాస్‌వర్డ్ రెండూ కొట్టి, సీటు దగ్గర నుంచి కదలకపోతే ఆ తర్వాతి సంతకాలకు పాస్‌వర్డ్ ఒక్కటే కొట్టడానికి నిబంధన ఒప్పుకుంటుంది. అది పెట్టించుకోండి, సగం చిరాకు తగ్గుతుంది. ట్రైనింగ్‌లో స్లైడ్లు ఆపేసి, ఎవరి రికార్డు వాళ్లకు ప్రింట్ తీసి చేతికిచ్చాం. పేరు, తేదీ, టైం, చేసినందుకా చూసినందుకా అన్నది, అన్నీ అందులో పడతాయి. తన పేరు అచ్చులో చూసుకున్నాక ఆ ఆపరేటరే "ఇది సంతకమే సార్" అన్నాడు.

ఇంకొకటి. కొన్నాళ్లు కాగితం, సిస్టమ్ రెండూ నడుపుదాం అని మీవాళ్లు అంటే ఒప్పుకోకండి. మేం నెల రోజులు నడిపాం. అందరూ పని చేస్తూ కాగితం నింపి, షిఫ్ట్ చివర్లో కూర్చుని సిస్టమ్‌లో ఒకేసారి కొట్టేవాళ్లు. రికార్డు చూస్తే నాలుగు గంటల గ్రాన్యులేషన్ ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఏది అసలు రికార్డు అని ఆడిటర్ అడిగితే ఏం చెప్తాం? అడ్మిన్ హక్కులు ప్రొడక్షన్ వాళ్ల చేతిలో ఉండకూడదని, సిస్టమ్ గడియారం ఎవరూ మార్చలేకుండా ఉండాలని మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ముందు రాత్రి రెండింటికి ఐటీలో ఫోన్ ఎత్తేది ఎవరో కనుక్కోండి. పేరు చెప్పలేకపోతే, మొదలుపెట్టే తేదీ వాయిదా వేయమని మీ క్యూఏ హెడ్‌కు మెయిల్ పెట్టండి.