ముందు తవ్వి చూడు, తర్వాతే ఎరువు కొను

చిన్నమ్మడూ,

మధురవాడ ఇంటి వెనక జాగాలో వానలు పడగానే కూరగాయలు వేస్తానని, ఏ ఎరువు కొనమంటావని అడిగావు. ఫోన్లో చెబితే సగం మరచిపోతావని రాస్తున్నాను. ఇప్పుడప్పుడే ఏదీ కొనకు. సింహాచలం చందనోత్సవం మొన్ననే అయింది, మృగశిర కార్తె వచ్చేసరికి నెల రోజులైనా టైముంది. ఆ నెలంతా మట్టి సంగతి చూడు.

ముందు పలుగు తీసుకుని రెండు మూడు చోట్ల అడుగు లోతు తవ్వు. కొత్త ఇళ్ళ పెరళ్ళలో పైన కనబడే మట్టి చాలాసార్లు ఆ నేలది కాదు. ఇల్లు కట్టడం అయ్యాక గ్రావెల్ తోలించి చదును చేసేస్తారు. దాని కింద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, టైల్స్ ముక్కలు ఉంటాయి. దొరికినవన్నీ ఏరి పారెయ్యి. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో పీహెచ్, అంటే మట్టి పులుపో క్షారమో చెప్పే కొలత, పెరిగిపోతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉండి, మధ్యభాగం పసుపు రంగుకు తిరుగుతుంది. జనం అది చూసి బలం లేదనుకుని యూరియా చల్లుతారు! అనుమానంగా ఉంటే పిడికెడు పొడి మట్టి మీద కాస్త వెనిగర్ పొయ్యి. బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టే.

తవ్విన గుంటను అలాగే ఉంచి నీళ్ళు నింపు. ఇంకిపోయాక మళ్ళీ నింపి, ఈసారి గడియారం చూడు. గంటకు అంగుళమో రెండంగుళాలో తగ్గితే బెంగ లేదు. తెల్లారినా నీళ్ళు నిలిచే ఉంటే మాత్రం మడులు జానెడు ఎత్తు లేపాలి. జూన్ వానలకు ఎలాగోలా తట్టుకున్నా, అక్టోబరు, నవంబరు తుపాను వానలకు వేళ్ళు కుళ్ళిపోతాయి.

ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి కదలకుండా పెట్టు. ఒకటి రెండు నిమిషాల్లో అడుగుకు చేరేది ఇసుక. దాని మీద ఒండ్రు, చివరికి బంకమన్ను పేరుకుంటాయి. బంకమన్ను తేరుకోవడానికి ఒక రోజైనా పడుతుంది. బంకమన్ను ఎక్కువగా ఉందని ఇసుక తోలించకు, రెండూ కలిసి గట్టిపడిపోతాయి. ఇసుక ఎక్కువైనా, బంకమన్ను ఎక్కువైనా మందు గత్తమే, అంటే మాగిన పశువుల ఎరువే.

ఇవన్నీ ఇంట్లో చేసేవి. పోషకాల లెక్క తెలియాలంటే వ్యవసాయ శాఖ భూసార పరీక్షా కేంద్రంలో మట్టి ఇవ్వాల్సిందే. మట్టి తీయడంలోనే అందరూ తప్పు చేస్తారు, కాబట్టి ఇది జాగ్రత్తగా చదువు. గోడ పక్కన, చెట్టు కింద, చెత్త కుప్ప దగ్గర తీయకు. అయిదారు చోట్ల పైన ఉన్న ఆకులు పక్కకు తోసి, వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీసి, దాని ఒక పక్క నుంచి పైనుంచి కిందిదాకా పలచటి పొర గీకు. అంతా శుభ్రమైన గుడ్డ మీద కలిపి నాలుగు భాగాలు చెయ్యి, ఎదురెదురు రెండు పారేసి మిగతాది మళ్ళీ కలుపు. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి నీడలో ఆరబెట్టు. ఎరువుల సంచిలో మాత్రం పెట్టకు, లెక్క తప్పుతుంది. కొత్త కవర్లో పోసి, పేరు, ఫోన్ నంబరు, వేయబోయే పంట పెన్సిల్‌తో రాసిన చీటీ పెట్టు. పెన్ను సిరా తడికి పోతుంది.

రిపోర్టులో ముందు మూడు చూడు. పీహెచ్ ఆరు నుంచి ఏడున్నర మధ్య ఉంటే దాని జోలికి పోకు. లవణాల సంఖ్య, అంటే ఈసీ, ఒకటి లోపు ఉండాలి. సేంద్రియ కర్బనం అర శాతం కన్నా తక్కువంటే తక్కువే. మన వైపు ఎర్ర నేలల్లో మామూలుగా కర్బనం, నత్రజని తక్కువే ఉంటాయి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసి ఎరుపంటే బలం అనుకుంటారు కొందరు, ఆ ఎరుపు ఇనుము తుప్పు రంగు తప్ప ఎరువు కాదు. పీహెచ్ ఎక్కువగా ఉంటే పొయ్యి బూడిద వేయకు, ఇంకా పెంచుతుంది. పక్కింటివాళ్ళు జిప్సం అన్నారు కదా, అది చౌడు ఉన్న నేలకు. రిపోర్టు చెప్పకుండా వేయడం దండగ.

గత్తం సంగతి. ఆనందపురం వైపు ఊళ్ళలో అడిగి తెచ్చుకో, కానీ పచ్చిది వద్దు. చేత్తో పట్టుకుంటే వేడి, పేడ కంపు రెండూ ఉండకూడదు, నలిపితే పొడి కావాలి. పచ్చిది వేస్తే చెదలు, వేరుపురుగు వెంటే వస్తాయి. మడి మీద అంగుళం మందాన పరిచి జానెడు లోతుదాకా కలిపి, చదరపు మీటరుకు గుప్పెడు వేపపిండి చల్లి, నీళ్ళు కొట్టి రెండు వారాలు వదిలెయ్యి. పైన ఎండుటాకులు కప్పు, రోహిణి కార్తె ఎండకు మట్టి కాలిపోకుండా.

జాగా అంతా ఈసారే పండించాలని లేదు. సగంలో తొలివానకు జనుము చల్లు. నలభై, నలభై అయిదు రోజులకు పూత మొదలవగానే కోసి మట్టిలో కలిపెయ్యి, ఆ సగం శీతకాలపు పంటకు తయారవుతుంది. మిగతా సగంలో బెండ, గోరుచిక్కుడు, తోటకూర వెయ్యి. టమాటా మాత్రం చలికాలం దాకా ఆపు.

ఇంకో మాట. మీ కాలనీలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయన్నావు. మట్టితో పాటు ఒక సీసా నీళ్ళు కూడా పరీక్షకు ఇవ్వు. రెండు రిపోర్టులూ రాగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, చూసి చెబుతాను. వేపపిండి కూడా అప్పుడే కొందువుగాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ