కుందేలు మెడ కీళ్లలో నరాల చివరలు కనిపిస్తాయా?

కుందేలు, ఎలుక లాంటి చిన్న జంతువుల మెడ కీళ్లలో నరాల చివరలు ఉంటాయా, ఉంటే స్లైడ్ మీద ఎలా చూడాలి అని అడిగారు. ఉంటాయి. వెటర్నరీ అనాటమీలో పీజీ చేసేటప్పుడు నేను నెలల తరబడి కుందేలు మెడతోనే కూర్చున్నాను కాబట్టి చూసిందే చెబుతాను.

ముందు వాటి పని. తల ఎటు వాలిందో లోపలి చెవి చెప్పగలదు. కానీ ఒళ్లంతా వాలిందా, మెడ ఒక్కటే వంగిందా అన్నది దానికి తెలియదు. అది మెడే చెప్పాలి. 1951లో మెక్‌కౌచ్, డీరింగ్, లింగ్ అనే ముగ్గురు లోపలి చెవి పనిచేయని పిల్లులతో దీన్ని పరీక్షించారు. మెడ తిప్పితే కాళ్ల బిగువు మారే ప్రతిచర్య పుర్రె కింద, పై మెడ వెన్నుపూసల దగ్గరుండే కీళ్ల నుంచి మొదలవుతుందని వాళ్లు తేల్చారు. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఆ ప్రయోగం చదివాకే.

కీళ్లలోని నరాల చివరలను నాలుగు రకాలుగా విడదీసింది ఫ్రీమన్, వైక్ అనే పరిశోధకులు. 1967లో పిల్లి మోకాలి మీద చేసిన పని అది. సాగడం, కదలిక లాంటివి పట్టే రుఫినీ, పాసినియన్, గాల్జి తరహావి (శాస్త్రవేత్తల పేర్ల మీద వచ్చిన పేర్లివి) మూడు, నాలుగోది నొప్పిని పట్టే విడి చివరలు.

ఇక చూడటం. కణజాలం స్లైడ్లకు మామూలుగా వాడే హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగుతో ఈ సన్నని నరాలు తేలవు. నేను చేసింది గోల్డ్ క్లోరైడ్ పద్ధతి. కీలు చుట్టూ ఉండే పొరను తాజాగా తీసి, వడగట్టిన నిమ్మరసంలో నానబెట్టాలి. అవును, మార్కెట్లో కొన్న నిమ్మకాయల రసమే! పొర కాస్త పారదర్శకంగా మారాక ఒక శాతం గోల్డ్ క్లోరైడ్‌లో, తర్వాత ఫార్మిక్ యాసిడ్‌లో రాత్రంతా చీకట్లో ఉంచాలి. మొదటి మూడుసార్లు నాకు నల్లటి మచ్చలు తప్ప ఏమీ రాలేదు. స్టీలు ఫోర్సెప్స్‌తో పట్టుకోవడమే తప్పు, లోహం తగిలితే బంగారం అక్కడే పేరుకుపోతుంది. గాజు కడ్డీకి మారాక నాలుగోసారి, లేత ఊదా పొర మీద నల్లటి నరం ఒకటి చీలి చీలి, పొదలా విచ్చుకుని కనిపించింది. రుఫినీ చివర. ఆ సాయంత్రం ల్యాబ్ మూసేదాకా మైక్రోస్కోప్ దగ్గర నుంచి లేవలేదు.

ఒక్క జాగ్రత్త. పొరలో చివరలు తక్కువగా దొరికితే టెన్షన్ పడకండి. పిల్లి మెడ మీద తర్వాత జరిగిన పనిలో, వెన్నుపూసలను అంటుకుని ఉండే చిన్న కండరాల్లో మజిల్ స్పిండిల్స్, అంటే కండరం ఎంత సాగిందో పట్టే సన్నని గ్రాహకాలు, చాలా దట్టంగా కనిపించాయి. తల ఎక్కడుందో చెప్పే పనిలో వాటి వాటా పెద్దదని నా నమ్మకం. అందుకే పొరను ఒంటరిగా గీకి తీయకుండా, దానికి అంటిన కండరంతో సహా తీయండి. ఏ వెన్నుపూసల మధ్యదో అప్పటికప్పుడే సీసా మీద రాసుకోండి. రంగు ఎక్కాక అన్ని ముక్కలూ ఒకేలా కనిపిస్తాయి.