హెచ్ఐవీ ఉన్నవాళ్లకు క్యాన్సర్ తగ్గాక మతిమరుపు వస్తుందా? అది డిమెన్షియానేనా?

రావచ్చు. మా చిన్నమ్మకు వచ్చింది. కానీ వెంటనే డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, అని పేరు పెట్టేయకండి.

మాది మక్తల్ దగ్గర పల్లె. చిన్నాయన బొంబాయిలో కూలి చేసేవాడు. ఆయన పోయాక చిన్నమ్మకు పరీక్ష చేయిస్తే హెచ్ఐవీ అని తేలింది. అప్పటినుంచి హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మానకుండా వాడింది. నాలుగేళ్ల కింద గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు మిగతావాళ్లకంటే 6 రెట్లు ఎక్కువట. అన్నేళ్లలో ఒక్కరైనా ఆ ముక్క చెప్పి పరీక్షకు పంపిన పాపాన పోలేదు. సరే, హైదరాబాద్‌లో కరెంటు (రేడియేషన్) పెట్టారు, వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించారు. తగ్గింది.

ఆమె చదువుకోలేదు. నెలకు 30 గోలీలు, వాటికి లెక్కగా 30 చింతగింజలు ఒక డబ్బాలో. రాత్రి గోలీ వేసుకోగానే ఒక గింజ పక్క డబ్బాలోకి. ఏళ్ల తరబడి తప్పు పోలేదు. క్యాన్సర్ తగ్గిన ఏడాదికి ఒకసారి ఏఆర్‌టీ మందులిచ్చే చోట కౌన్సిలర్ మేడం గోలీలు లెక్కబెడితే 6 ఎక్కువ మిగిలాయి. చిన్నమ్మ ఒప్పుకోలేదు. కొంగుముడి విప్పి గింజలన్నీ బల్ల మీద పోసింది. "గింజలు అబద్ధం చెప్తయా మేడం?" అని గట్టిగా అరిచింది. ఇంటికొచ్చాక అర్థమైంది. గింజ జరుపుతోంది, గోలీ మర్చిపోతోంది. గింజ జరిపితే గోలీ వేసుకున్నట్టే అనిపించిందట. ఆ రాత్రి నా ముందు కూర్చుని ఏడ్చింది.

మా వాళ్లు "మతి పోయింది" అని తేల్చేశారు. నేను పట్టుబట్టి పరీక్షలు చేయించా. బీ12 విటమిన్ బాగా తక్కువ. చెవులు సగం వినబడట్లేదు, సిస్‌ప్లాటిన్‌కు ఆ గుణముంది. మనం అడిగింది సగమే విని ఏదో జవాబు చెబితే మతిమరుపు అనుకున్నాం! నిద్ర లేదు, దిగులు సరేసరి. హెచ్ఐవీ మొదట్లోనే మెదడులోకి చేరుతుంది. రోజూ మందు పడితే మతి పూర్తిగా తప్పడం ఇప్పుడు అరుదే గానీ, కొందరికి ఆలోచన మందగించడం, మరుపు ఉంటాయి. కీమో కూడా మరుపు తెస్తుంది. థైరాయిడ్, షుగర్, బీపీ కూడా చూపించండి. తలనొప్పి, జ్వరంతో పాటు తికమక పడితే మాత్రం ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

క్యాన్సర్ డాక్టర్‌కు హెచ్ఐవీ మందుల చీటీ చూపించారా? చూపించండి. ఒక చోట ఫైలు ఇంకో చోట తెరవరు, మోసుకు తిరగాల్సింది మనమే.

అయినా నా లెక్కలో అసలు రోగం గుట్టు. ఇంట్లో అందరికీ అవి "షుగర్ గోలీలు". కోడలికి తెలియదు, కొడుక్కి తెలిసీ తెలియనట్టు. మామూలు ఇంట్లో ముసలామె మర్చిపోతే "గోలీ వేసుకున్నవా అత్తా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈమెకు గుర్తుచేసే మనిషే లేడు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా మనం బయటపెట్టకూడదు. అందుకే నేనేమీ అనలేదు. ఆమే ఒకరోజు కోడలిని పిలిచి చెప్పింది.

బీ12 ఇంజెక్షన్లతో కొంత తేరుకుంది, కొంత మరుపు మిగిలింది. ఇప్పుడు గోలీ ఇచ్చేది కోడలు. గింజ మాత్రం చిన్నమ్మే జరుపుతుంది.