ఇటుక గోడ చాటున పీచ్ పండ్లు

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. మొన్న వెళ్లినప్పుడు కార్న్‌వాల్‌లో హెలిగన్ తోటలు చూపించాడు. ఒకప్పటి జమీందారు గారివట. బెండకాయంత ఖరీదు చేయని కూరల చుట్టూ అంతెత్తు ఇటుక గోడ ఎందుకండీ, దొంగల భయమా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దొంగలూ కుందేళ్లూ రాకుండా పనికొస్తుంది నిజమే, కానీ అంతమాత్రానికి పదీ పన్నెండు అడుగుల గోడ ఎవరు కడతారండీ! అది ప్రధానంగా వెచ్చదనం కోసం. పగలు ఎండకి కాగిన ఇటుక రాత్రంతా ఆ వేడిని మెల్లగా వదులుతుంది. అక్కడ పీచ్, ఆప్రికాట్ చెట్లు పూతకొచ్చే రోజుల్లో రాత్రిళ్లు ఇంకా గడ్డకట్టే చలే, ఒక్క రాత్రి గట్టిగా మంచు పడితే పూతంతా మాడిపోతుంది, అందుకని వాటిని దక్షిణం వైపు చూసే గోడకి ఆనించి, కొమ్మల్ని విసనకర్రలా పరిచి మేకులతో కట్టేవారు. ఎండ పడని ఉత్తరపు ముఖాన్నీ వదల్లేదు, అక్కడ మొరెల్లో అనే పుల్ల చెర్రీలు. కొందరు దొరలకి ఇదీ చాలలేదు. గోడ లోపలే పొగ దారులు కట్టించి, కింద పొయ్యి వెలిగించారు. వోర్సెస్టర్‌షైర్‌లో క్రూమ్ కోర్ట్ అనే పాత దొరల బంగళాకి వెళ్తే ఆ రకం గోడ చూడొచ్చు, ఆ తోటే 7 ఎకరాల పైన ఉంటుంది.

ప్రశ్న: హెలిగన్‌లో గుర్రపు లద్దితో అనాస పండించారని చెప్పారు. మా అబ్బాయి నవ్వాడు.

జవాబు: నవ్వొద్దని చెప్పండి, నిజమే. నేలలోకి దిగిన ఇటుక తొట్లు, మధ్య తొట్టిలో మొక్కలు, పైన అద్దాల మూత, అటూ ఇటూ ఉన్న తొట్లలో పచ్చి లద్ది. అది కుళ్లేటప్పుడు పుట్టే వేడి ఇటుకల మధ్య ఖాళీల్లోంచి మొక్కలకి చేరుతుంది. చల్లబడగానే మళ్లీ కొత్త లద్ది నింపాలి, కాయ కోసం రెండేళ్ల పైన ఆగాలి. ఇదంతా విందులో బల్ల మీద గొప్ప చూపించుకోవడానికే అని నా అభిప్రాయం. తర్వాత ఓడల్లో అనాసలు చవగ్గా దిగాయి, ఆ గొప్పా పోయింది. బాగుచేశాక హెలిగన్ తొట్లలో మళ్లీ కాయ కాసింది 1997లో.

ప్రశ్న: అంత వైభవం ఎలా పాడైంది?

జవాబు: తోట నడిచేది మనుషుల మీద, ఆ మనుషులు యుద్ధానికి వెళ్లిపోయారు. 1914 ఆగస్టులో హెలిగన్ తోటమాలులు తమ మరుగుదొడ్డి గోడ మీద పేర్లు రాసుకున్నారు. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. తోట ముళ్లపొదల్లో కూరుకుపోయింది. 1990లో మళ్లీ బయటపడి, 1992లో జనానికి తెరిచారు. పీచ్ గోడలు చూసి వచ్చేయకుండా ఆ పేర్ల గోడ దగ్గర కాసేపు ఆగాల్సింది, ఈసారి వెళ్తే తప్పకుండా చూడండి.

ప్రశ్న: మా మేడ మీద అలాంటి గోడ కట్టిస్తే కూరలు బాగా కాస్తాయా?

జవాబు: వద్దు తల్లీ! విజయవాడ మే నెలలో మొక్కకి కావలసింది నీడ. కుండీలు గోడకి తూర్పు వైపు పెట్టండి, పొద్దుటి ఎండ చాలు. పడమటి ముఖానికి మాత్రం ఏదైనా తీగ పాకించండి, గోడ కూడా కాస్త చల్లగా ఉంటుంది.