ఏడాది దాకా ఆగాలా?

ప్రశ్న: మా బాబుకి ఏడో నెల. పుట్టగానే ఏడవలేదు, మెదడుకు ఆక్సిజన్ అందలేదన్నారు. ఇంకా మెడ నిలపలేదు, పిడికిళ్లు విప్పడు. ఉగ్గు పడితే పొలమారుతోంది. ఏడాది దాటాక చూద్దామంటున్నారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆగవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ఆగకండమ్మా. మీరు చెప్పిన లక్షణాలకు ఇప్పుడే పరీక్ష కావాలి.

ముందు పొలమారడం సంగతి. చాపిన కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోయడం మన ఇళ్లలో అలవాటే గానీ, ఇలా మెడ నిలవని పిల్లలకు ప్రమాదం. తల వెనక్కి వాలితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి, మాటిమాటికీ నిమోనియా వస్తుంది. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక మీ చెయ్యి ఆనించి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూడండి. జావ చెంచా నుంచి చప్పున కారిపోనంత చిక్కగా ఉండాలి. సగం చెంచానే పెట్టి, మింగాక మళ్లీ. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు. అప్పటికీ పొలమారుతుంటే, గొంతు గురగురమంటుంటే డాక్టరుకు చూపించాకే పెట్టండి.

వేళ్లు లాగి విప్పకండి, లాగేకొద్దీ బిగుస్తాయి. చిటికెన వేలి వైపు నుంచి చేతి వెనక నిమిరి, తెరుచుకోగానే గిలక్కాయ పెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు ఛాతీ కింద తువ్వాలు చుట్టి పెట్టి, రెండేసి నిమిషాలు బోర్లా ఉంచండి, దగ్గరే ఉండి. నూనె మర్దనా హాయినిస్తుంది, బిగుతు మాత్రం పోదు. వాకర్ అసలే వద్దు.

నిద్ర లేవగానే వరసగా తల వంచి, చేతులు చాచి ఉలిక్కిపడుతుంటే ఫిట్స్ కావచ్చు. వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించండి, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) అవసరమవుతుంది.

జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాల్లో (ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేవి) ఫిజియోథెరపీ ఉచితం. వినికిడికి బేరా అనే పరీక్ష, కంటి పరీక్ష కూడా అడిగి చేయించుకోండి.