పంచ్ సరే, షాపువాడేడి?

తమ్ముడూ,

నువ్వు పంపిన ఐదు స్కిట్లూ చదివాను, రెండోదైతే రెండుసార్లు చదివాను. శ్లేషలు బాగానే పడ్డాయి, దాంట్లో నీకు నేను చెప్పేదేం లేదు, కానీ "లైన్ లైన్‌కీ పంచ్ ఉంది కదన్నా, మరి జనం ఎందుకు నవ్వట్లేదు" అని అడిగావే, దానికి ముందు ఓ పాత బ్రిటిష్ స్కెచ్ చూడు, యూట్యూబ్‌లో దొరుకుద్ది. ద టూ రోనీస్ అని బీబీసీలో 1971 నుంచి 1987 దాకా వచ్చిన షో, అందులో ఫోర్ క్యాండిల్స్ అని 1976లో వేశారు.

హార్డ్‌వేర్ షాపు. రోనీ బార్కర్ వచ్చి ఫోర్ క్యాండిల్స్ అంటాడు, కౌంటర్ వెనకాల పొట్టి రోనీ కార్బెట్ నాలుగు కొవ్వొత్తులు తెచ్చి పెడతాడు. బార్కర్‌కి కావాల్సిందేమో ఫోర్క్ హ్యాండిల్స్, అంటే మట్టి తవ్వే ఫోర్కుకి బిగించే పిడి. ఆ యాసలో 'హ' ఎగిరిపోయి రెండూ ఒకేలా వినపడతాయి. దీన్ని తెలుగులో దింపు చూద్దాం, నీవల్ల కాదు, నావల్లా కాదు. మొదటిసారి చూసినప్పుడు నాకా యాస సగం అర్థమే కాలేదు, అయినా పొట్ట పట్టుకుని నవ్వా. ఎందుకంటే, గేటు మీద పేరుకి 'ఓ' అక్షరాలు కావాలంటాడు, పాపం కార్బెట్ నిచ్చెనేసుకుని ఎక్కి డబ్బా దింపి రెండు ఓలు చేతిలో పెట్టి, మళ్ళీ డబ్బా పైన సర్దేసి వచ్చి నిలబడ్డాక, అప్పుడడుగుతాడు వీడు తాపీగా, "పీస్ ఉన్నాయా?" అని. 'పీ' అక్షరాలనుకుని, పైనున్నప్పుడే ఏడవొచ్చుగా అని కార్బెట్ మండిపడుతూ మళ్ళీ ఎక్కి ఆ డబ్బా దింపుతాడు, తీరా చూస్తే వాడికి కావాల్సింది బఠాణీలు, మూడు డబ్బాలు!

నేను నవ్వింది ఆ నిచ్చెనకి. పైగా కొనేవాడు వెటకారం చెయ్యట్లేదు, వాడి సరుకులు వాడు అడుగుతున్నాడంతే. నీ రెండో స్కిట్‌లో బ్యాంకు క్యాషియరూ జోకులేస్తాడు, వచ్చినోడూ జోకులేస్తాడు, ఇద్దరిలో ఒక్కడికీ ఒళ్ళు మండదు.

మోర్కమ్ అండ్ వైజ్ అని బీబీసీలోనే ఇంకో కామెడీ జోడీ ఉండేది, వాళ్ళ 1971 క్రిస్మస్ షోలో ఎరిక్ మోర్కమ్ కూడా అంతే, పియానో ఇష్టమొచ్చినట్టు బాదేసి, ఆర్కెస్ట్రా నడిపించే కండక్టర్ ఆంద్రే ప్రెవిన్ కోటు పట్టుకుని, నేను వాయించిన స్వరాలన్నీ కరెక్టే, వరుస మాత్రం అదే అవ్వాలని లేదు అంటాడు. జోకేశానని వాడి మొహంలో ఎక్కడా ఉండదు, నిజంగానే నమ్మాడు.

ఇంకోటి, పేరున్నోళ్ళవే ఎవరైనా చదువుతారు అని విసుక్కున్నావు కదా. బార్కర్‌కి పేరుంది, అయినా తను రాసిన స్కెచ్‌లు జెరాల్డ్ వైలీ అనే దొంగపేరుతో పంపేవాడు, స్టార్ రాశాడని మొహమాటానికి తీసుకోకూడదని. ఎవరీ వైలీ అని యూనిట్ అంతా తలలు పట్టుకున్నాక ఓ చైనీస్ రెస్టారెంట్‌లో లేచి నేనే అన్నాడంట, కొందరైతే అదీ జోకే అనుకున్నారంట.

నువ్వూ ఆ రెండోది తిరగరాసి, పేరు తీసేసి, నీ మొహం తెలీని నలుగురికి చదివించు, తర్వాత నాకు పంపు. ఎండింగ్ కోసం ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకు, ఆ క్యాండిల్స్ స్కెచ్ ఎండింగ్ బార్కర్‌కే నచ్చలేదంట. ఆ క్యాషియర్‌కి మాత్రం లంచ్ టైమ్ అయిపోతుండాలి, క్యారేజీ మూత అప్పుడే తీసుండాలి.